పెద్దాసుపత్రి ఓపీలోని ఆ చిన్న డాక్టరమ్మకి

14 రోజుల మందుల కోర్సు నిన్న రాత్రితో అయిపోయింది. 4 నెలల తర్వాత ఇవాళే పొత్తికడుపు పట్టుకోకుండా మంచం దిగాను. ఒంట్లో ఓపిక లేదు, అయినా ఇప్పుడే రాయాలి.

పొత్తికడుపులో నొప్పి, నడుము లాగడం, తెల్లబట్ట, సాయంత్రమైతే జ్వరం. మూడు ప్రైవేటు ఆసుపత్రులు తిరిగాం. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు, మూడో చోట అపెండిక్స్ ఆపరేషన్‌కి డబ్బు కట్టమన్నారు.

పెద్దాసుపత్రిలో పీజీ చదువుతున్న ఆ అమ్మాయి ముందు అందరినీ బయటికి పంపారు. కర్టెన్ సరిగా పడకపోతే పిన్నీసు పెట్టారు. అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాకే నా పొట్ట మీద చెయ్యి వేశారు. "కలిసినప్పుడు నొప్పి ఉంటోందా అమ్మా?" అని నాకు మాత్రమే వినబడేలా అడిగారు. లోపల పరీక్ష చేస్తూ గర్భసంచి ముఖద్వారం కొంచెం కదిపేసరికి అరిచేశాను. వెంటనే ఆపి, "సారీ అమ్మా, అర్థమైంది" అన్నారు.

గర్భసంచికి, ట్యూబులకి ఇన్ఫెక్షన్, పీఐడీ అంటారట. స్కాన్ నార్మల్ వచ్చినా ఉండొచ్చట, ఏ ఒక్క టెస్టుతోనో తేలేది కాదట. ట్యూబులో గర్భం వచ్చినా ఇలాగే నొప్పి ఉంటుందని ముందు ప్రెగ్నెన్సీ టెస్టు చేయించారు. ఆలస్యమైతే ట్యూబులు దెబ్బతిని పిల్లలు పుట్టడం కష్టమవ్వచ్చని, ల్యాబ్ రిపోర్టుల కోసం ఆగకుండా ఆ రోజే ఇంజెక్షన్, మాత్రలు మొదలుపెట్టారు. మా ఆయన్ని విడిగా పిలిచి ఆయనకీ మందులిచ్చారు, తప్పెవరిదన్న మాటే రానివ్వలేదు.

మూడో రోజు రమ్మన్నారు, వెళ్ళాను. అంత జనంలో నన్ను చూసి పేరు పెట్టి పిలిచి, "నిద్ర పట్టిందా అమ్మా?" అన్నారు. అక్కడే ఏడ్చేశాను.

మూడు చోట్లా స్కాన్‌కి డబ్బు కట్టించుకున్నారే, ఒక్కరైనా లోపల పరీక్ష చేశారా? "నెలసరి ఎప్పుడొచ్చింది?" అని పదిమందిలో గట్టిగా అరిచి అడిగితే ఏ ఆడది నోరు విప్పి చెప్తుంది? నాకు నిజంగా కడుపు మండుతోంది.

అమ్మకి, అత్తయ్యకి, మా ఆయనకి థ్యాంక్స్.

అయ్యో, ఓపీ చీటీ లైన్‌లో నిలబడలేకపోతుంటే తన స్టూల్ ఇచ్చిన ఆయమ్మని మర్చిపోయాను. పాపని స్కూల్ నుంచి తెచ్చిన పక్కింటి అక్కని కూడా. ఇంకా, తిరుగు ప్రయాణంలో గతుకులు రాకుండా మెల్లగా తోలిన ఆటో అన్న.