యారోస్లావ్‌స్కీ స్టేషన్ ఎలా చూడాలంటే

శీనూ,

మాస్కో ప్రయాణం ఖాయమైందన్నావు కదా, యారోస్లావ్‌స్కీ రైల్వే స్టేషన్ చూడకుండా మాత్రం రావద్దురా. కొమ్సొమోల్స్కయా మెట్రోలో దిగి పైకొస్తే ఒకే కూడలిలో మూడు పెద్ద స్టేషన్లుంటాయి. ముందు రోడ్డుకి అవతల, కజాన్‌స్కీ స్టేషన్ వైపు నిలబడు. మరీ దగ్గరకెళ్తే పైకప్పు కనబడదు, దాని అందమంతా ఆ కప్పులోనే ఉంది.

పాత స్టేషన్‌ని 1902-04లో ఈ రూపానికి తెచ్చినవాడు ఆర్కిటెక్టు ఫ్యోదర్ షెఖ్‌తెల్. రెడ్ స్క్వేర్‌లో హిస్టారికల్ మ్యూజియం కూడా చూస్తావుగా, దాని గోడల నిండా పాతకాలపు నగిషీలే. షెఖ్‌తెల్ ఆ దారి పట్టలేదు. నగిషీ తగ్గించి, ఉత్తర రష్యా పాత కట్టడాల ఆకారాన్ని తీసుకున్నాడు: నిటారు కప్పు, బరువైన బురుజులు, మధ్యలో పెద్ద కమాను. రెండు పక్కలూ ఒకేలా ఉండవు, చూడు. ఉత్తరాదే ఎందుకంటే, ఈ లైను వెళ్ళేది యారోస్లావ్ల్ మీదుగా అర్ఖంగెల్స్క్‌కి. గుమ్మం పైన మాస్కోతో పాటు ఆ రెండు ఊళ్ళ చిహ్నాలూ ఉన్నాయి, ఎలుగుబంటి యారోస్లావ్ల్‌ది.

ఇప్పుడు దగ్గరకెళ్ళి తలెత్తి చూడు. గోడ మీద అడవి స్ట్రాబెర్రీలు తీర్చిన పెంకుల వరస కనిపిస్తుంది. అవి సవ్వా మామొంతొవ్ అనే వ్యాపారి నడిపిన అబ్రామ్‌త్సెవో కుమ్మరిశాలలో చేసినవి. ఈ లైను నడిపిన కంపెనీ ఒకప్పుడు ఆయన చేతిలోదే. ఇలాంటి పెంకుని ముందు ఉత్తిగా కాల్చి, గ్లేజు, అంటే గాజులాంటి పూత, పూసి మళ్ళీ కాలుస్తారు. చల్లారేటప్పుడు మట్టీ గ్లేజూ ఒకే లెక్కన కుంచించుకోవాలి, లేకపోతే పైన సన్నటి బీటలు పడతాయి. ఆ బీటల్లోంచో అతుకుల్లోంచో నీళ్ళు దిగి గడ్డకడితే ఉబ్బి గ్లేజుని పెచ్చులుగా ఊడదీస్తాయి. నడిచలికాలం కన్నా, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే మార్చి నెలే ఎక్కువ చేటు. రిపేరులో గట్టి సిమెంటు పెడితే ఇంకా నష్టం: తేమ అతుకులోంచి బయటికి పోలేక పెంకులోంచే దారి చేసుకుంటుంది. అందుకే ఇలాంటి చోట సున్నపు గచ్చే వాడాలి.

నువ్వు నిలబడ్డ కజాన్‌స్కీ స్టేషన్ షూసెవ్ అనే ఇంకో ఆర్కిటెక్టు కట్టింది, 1913లో మొదలై 1940 దాకా సాగింది. దాని గోపురం కజాన్‌లోని స్యుయుంబికె గోపురం పోలిక. నాకు మాత్రం షెఖ్‌తెల్‌దే గొప్ప.

ఇంకోటి, చిత్రకారుడు కొరోవిన్ గీసిన ఉత్తరాది చిత్రాలు ఒకప్పుడు యారోస్లావ్‌స్కీ స్టేషన్‌లో ఉండేవి, వాటిని లోపల వెతక్కు. అవిప్పుడు త్రెత్యాకోవ్ గ్యాలరీవి.

నీ
ప్రసాద్