సమాధుల తోట గోడకు మీ సాయం కావాలి

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మన సంఘస్థులకూ, కర్నూలు విడిచి ఎక్కడెక్కడో బతుకుతున్న మన బిడ్డలకూ వందనాలు.

మన సమాధుల తోట తూర్పు గోడ మొన్నటి వానలకు పడిపోయింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడే అది ఒరిగింది. ఆ రోజు మనలో చాలామంది మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్లే. ఇళ్లలో బురద ఎత్తిపోసుకోవడమే తీరకపోతే సమాధుల గోడ ఎవరికి గుర్తుంటుంది? రాళ్లు పేర్చి, మట్టి మెత్తి ఇన్నాళ్లు నెట్టుకొచ్చాం. ఇప్పుడు గొడ్లు, పందులు లోపలికొస్తున్నాయి. కంపచెట్లు కమ్మి పాత సమాధుల మీద పేర్లు కనబడడం లేదు.

2021లో కరోనాతో పోయినవాళ్ల వరుస చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కొందరికి మట్టిదిబ్బే తప్ప రాయి లేదు. కడసారి ముఖం చూసుకోలేదు, పాట పాడలేదు, నలుగురం మోయలేదు. ఆ వరుసలో భర్తను పెట్టుకున్న ఒక అక్క ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటినుంచి బిందెతో నీళ్లు మోసుకొచ్చి గన్నేరు మొక్కకు పోస్తుంది. తోటలో బోరు లేదు మరి.

"పరలోకాన్ని నమ్మేవాళ్లకు ఈ మట్టి మీద ఇంత మమకారం ఎందుకు?" అని కమిటీలోనే ఒకరు అడిగారు. అడగాల్సిన మాటే. చనిపోయిన తన స్నేహితుడు లాజరును తిరిగి బతికించి లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా నాలుగు రోజుల ఆ సమాధి దగ్గరికి పోతూ ఏడ్చాడు. నిత్యజీవాన్ని నమ్మినవాళ్లు ఏడిస్తే అది అవిశ్వాసం కాదు. సిలువ మీద చనిపోయిన యేసును పెట్టింది కూడా తోటలోనే. అరిమతయియ యోసేపు తనకోసం తొలిపించుకున్న సమాధిని ఇచ్చేశాడు. ఆదివారం తెల్లవారుజామున లేచిన ప్రభువును చూసి మగ్దలేనే మరియ తోటమాలి అనుకుంది. అందుకే మన పెద్దలు మన సమాధుల చోటును శ్మశానం అనకుండా తోట అన్నారు. ప్రభువునందు నిద్రించినవాళ్లు లేచేదాకా దాన్ని చూసుకోవడం మన పని.

ముందు గోడ, తర్వాత బోరు, డబ్బు మిగిలితే నిలబడి ప్రార్థన చేసుకోవడానికి రేకుల షెడ్డు. పేరు లేని దిబ్బలకు బేతంచెర్ల నాపరాయి మీద పేరు చెక్కించి పెడతాం. అందుకు ఆ ఇళ్లవాళ్లను రూపాయి అడగం. దాతల పేర్లు గోడమీద రాయించకూడదని కూడా తీర్మానించాం. అక్కడ ఉండాల్సిన పేర్లు వేరే.

సిమెంటు మూట, ఇటుకలు, ట్రాక్టరు ఇసుక, ఒకరోజు కూలి, ఏదైనా సరే. డబ్బు ఇచ్చేవాళ్లు కోశాధికారి దగ్గర రసీదు తప్పక తీసుకోండి. ప్రతి నెలా చివరి ఆదివారం లెక్క చదివి వినిపిస్తాం. పంట పోయినవాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు దయచేసి ఇంకో అప్పు చేసి ఇవ్వొద్దు. శనివారం పొద్దున కొడవలి తీసుకొని రండి, కలిసి కంప కొడదాం.

వచ్చే ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకొని అక్కడికే పోతాం. అప్పటికి గోడ లేవాలి.

ఇట్లు,
సంఘ పెద్దలు, సమాధుల తోట కమిటీ,
కర్నూలు