మెడల్స్ సరే, మోకాళ్ల సంగతి ఎవరు చూస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం జిల్లా పేజీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో గెలిచిన పిల్లోళ్ల ఫొటో వేసినారు, సంతోషం, క్రికెట్ కాకుండా ఇంకో ఆట పేపర్లో కనపడేదే అరుదు గదా. అయితే ఆ ఫొటోలో బొటనవేళ్లకి టేపు మామూలే గానీ, ఇద్దరికి మోకాలి నిండా క్రేప్ బ్యాండేజీ చుట్టేసి ఉండాది, దాని సంగతి వార్తలో ఒక్క ముక్క లేదు.

మా అమ్మాయి కూడా లిఫ్టరే, ఇంటర్ చదువుతా సాయంత్రం ప్రాక్టీస్‌కి పోతాది, నేను దింపేసి ఆడనే ఓ మూల కూర్చోనుంటా. చూస్తా ఉంటే అర్థమయ్యేదేమంటే, బరువు మీద పడి దెబ్బ తగిలేది చాలా తక్కువ. రోజూ అదే స్నాచ్ (బార్‌ని ఒకే ఊపులో తల పైకి లేపేది), అదే స్క్వాట్ (బరువుతో గుంజీలు), అదే జెర్క్ (భుజాల మీది బార్‌ని తల పైకి తోసేది), ముందు నడుము పట్టేస్తాది, తర్వాత మోకాలి చిప్ప కింద నరం లాగుతా ఉండాదంటారు, డాక్టరేమో అది నరం కాదు, కండని ఎముకకి పట్టి ఉంచే టెండన్ అంటాడు, ఆ పైన భుజం. బార్ లేపేటప్పుడు అలసిపోయి వీపు గూని పడితే నడుము మీదనే భారమంతా. పోటీకి ముందు వెయిట్ కేటగిరీలోకి దిగాలని నీళ్లు కూడా మానేస్తారు కొందరు, అట్లాంటప్పుడు కండరాలు పట్టేయక ఏమైతాయి?

పెద్దోళ్లకే తప్పలేదులెండి. మీరాబాయి చాను 2017లో వరల్డ్ ఛాంపియన్ అయ్యి, మరుసటి ఏడాది నడుము నొప్పితో ఏషియన్ గేమ్స్‌కే పోలేకపోయింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో మన లిఫ్టర్ సంకేత్ సర్గర్‌కి క్లీన్ అండ్ జెర్క్ (బార్‌ని ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి లేపేది) రెండో లిఫ్ట్‌లో మోచెయ్యి పోయింది, స్నాచ్‌తో కలిపి మొత్తం 248 కేజీల దగ్గర ఆగిపోయినాడు, గోల్డ్ కొట్టినోడిది 249. వాళ్లకి పక్కన ఫిజియో ఉన్నారు, టోర్నమెంట్ డాక్టర్లు ఉన్నారు. మన పిల్లోళ్లకి ఉండేది కోచ్ సార్, స్ప్రే డబ్బా, అంతే. ఆ కోచ్ సార్‌ని నేను తప్పు పట్టను, ఒక్క మనిషి అంతమందిని చూసుకుంటా లిఫ్ట్ నేర్పించాలా, వైద్యం కూడా చెయ్యాలా?

అమెరికాలో ఒలింపిక్ ట్రైనింగ్ సెంటర్ల లిఫ్టర్ల మీద 1999లో ఒక స్టడీ అచ్చయింది, దెబ్బల్లో మూడింట రెండొంతులు నడుము, మోకాలు, భుజాలకేనంట. నాకు ముఖ్యంగా అనిపించింది ఇంకోటి, అందులో నూటికి తొంభై దెబ్బలకి ఒక రోజో అంతకన్నా తక్కువో రెస్ట్ చాలని చెప్పినారు. అంటే పిల్లోళ్లని ఈ ఆట మాన్పించాల్సిన పని లేదు, మొదట్లోనే చూసేవాళ్లుంటే చాలు. మన దగ్గర చూసేవాళ్లు లేక ఒక్క రోజు నొప్పి ఒక సీజన్ మింగేస్తా ఉండాది. ఎముక విరిగితే మనోళ్లకి పుత్తూరు కట్టు ఉండనే ఉండాది, దాని మీద నమ్మకం ఎవరిష్టం వాళ్లది, కానీ టెండన్ వాపుకి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌కి కట్టు కట్టి ఏం లాభం? అయినా పోతారు, ఇంకెక్కడికి పోవాలో తెలియక.

ఇంకా భయమేసేది నొప్పి గోళీల సంగతి. సెలెక్షన్ రేపనంగా మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక గోళీ మింగేస్తారు, అందులో ట్రామడాల్ అనే నొప్పి మందు ఉంటే 2024 జనవరి నుంచి పోటీ సమయంలో అది నిషేధం. భుజానికో మోకాలికో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా 2022 నుంచి పోటీ టైంలో కుదరదు, ముందే పర్మిషన్ తీసుకుంటే తప్ప. నేషనల్స్‌లో డోప్ టెస్ట్‌లో దొరికితే పేరు పోయేది పిల్లది, గోళీ ఇచ్చినోడిది కాదు. ఈ ముక్క హాల్లో ఒక చార్ట్ రాసి గోడకి అంటించడానికి ఎంత ఖర్చవుతుందండీ?

మేం అడిగేది పెద్దదేం కాదు. జిల్లా మీట్ ఎక్కడ పెట్టినా ఒక ఫిజియో కూర్చోవాలి, పేరుకి ఫస్ట్ ఎయిడ్ బాక్సు కాదు. తిరుపతిలో బర్డ్ హాస్పిటల్ అంత పెద్ద ఎముకల ఆస్పత్రి పెట్టుకుని ఉన్నాం, టీటీడీ వాళ్లు తలుచుకుంటే వారానికి ఒక సాయంత్రం స్పోర్ట్స్ పిల్లోళ్లకని ఓపీ పెట్టలేరా? పొద్దున పెడితే ఉపయోగం లేదు, కాలేజీ ఎగ్గొట్టి రావాల, మళ్లీ అటెండెన్స్ గొడవ. లిఫ్టర్లకే కాదు, కబడ్డీ వాళ్లకి, రన్నర్లకి కూడా పనికొస్తాది. దీనికి అర్జీ టీటీడీలో ఇవ్వాల్నా కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వాల్నా మీ రిపోర్టర్ కనుక్కుని రాస్తే, రేణిగుంట నుంచి తిరుచానూరు దాకా తల్లిదండ్రుల సంతకాలు మేమే తిరిగి పెట్టించుకొస్తాం.

ఇట్లు,
ఒక లిఫ్టర్ తండ్రి,
బైరాగిపట్టెడ, తిరుపతి