మోరితూరి నినాదం గ్లాడియేటర్లది కాదు

సంపాదకులకు,

ప్రాచీన రోమ్‌లో జనం ముందు ఆయుధాలతో పోరాడిన గ్లాడియేటర్ల గురించి ఎవరు రాసినా లాటిన్‌లో "మోరితూరి తే సలూతాంత్" (చావబోయేవాళ్లం నీకు వందనం చేస్తున్నాం) అన్న మాట తగిలించకుండా వదలరు. ప్రతి పోటీకి ముందూ వాళ్లు ఇలా అనేవారన్నదానికి ఆధారం లేదు. క్రీ.శ. 52లో రోమన్ చక్రవర్తి క్లాడియస్ ఇటలీలోని ఫూకినస్ సరస్సుపై నౌకాయుద్ధ ప్రదర్శన పెట్టించాడు. అందులో దింపింది శిక్ష పడ్డ నేరస్తులను. ఆ మాట వాళ్లదేనని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. క్లాడియస్ "ఆవుత్ నోన్", అంటే "చావకపోనూవచ్చు" అన్నాడట. క్షమించేశాడనుకుని వాళ్లు పోరుకు మొరాయించారు. అందరినీ చంపించాలా అని కాసేపు తటపటాయించి, చివరికి చక్రవర్తే కుంటుకుంటూ గట్టు వెంట పరుగెత్తి, బెదిరించీ ఆశపెట్టీ వాళ్లను దింపాల్సి వచ్చింది! బతికినవాళ్లను వదిలేశారని మరో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కథనం.

గోదాలో నిజంగా వినిపించిన కేక "హాబెత్". దెబ్బ తగిలిందని అర్థం. ఓడినవాడిని ప్రాణాలతో వదిలితే "మిస్సియో". ఆ అవకాశం లేని పోటీలు "సినే మిస్సియోనే". వాటిని తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ నిషేధించాడు. అంటే ఓడిన ప్రతివాడూ చచ్చేవాడనడమూ తప్పే.

- ఒక పాఠకుడు