త్రిపురి ఓట్ల ప్రదర్శన, బందరు: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చినవారికి, వచ్చి చూసినవారికి నమస్కారం. 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్, పట్టాభి సీతారామయ్య పోటీపడితే ఏ రాష్ట్రం ప్రతినిధులు ఎటు ఓటేశారో సీసాల్లో గోలీలు పోసి చూపిస్తూ మూడు రోజులు నడిపిన ప్రదర్శన లెక్క ఇది. మొత్తం జమ రూ.95,247. ఖర్చు రూ.86,060. మిగులు రూ.9,187. అందులో బ్యాంకులో ఉన్నది రూ.7,900, కోశాధికారి దగ్గర నగదు రూ.1,287. (ఖాతా ఉన్న శాఖ ఒకప్పటి ఆంధ్రా బ్యాంకుదే. 1923లో పట్టాభి సీతారామయ్య ఈ ఊళ్లోనే పెట్టిన బ్యాంకు అది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.)

జమ ఇలా వచ్చింది. నిరుటి మిగులు రూ.4,180. యూపీఐ ద్వారా 47 మంది పంపినది రూ.61,350. నగదుగా 22 రసీదుల మీద రూ.23,500. గుమ్మం దగ్గర పెట్టిన హుండీలో రూ.6,217. నగదు రసీదులు 23 చింపాం, పేరు తప్పు రాసినందున ఒకటి రద్దు చేసి పుస్తకంలోనే అంటించాం. ఇంకొక దాత రూ.2,000 పంపి, రెండో రోజు వెనక్కి అడిగారు. ఆ సాయంత్రమే తిరిగి పంపేశాం కాబట్టి జమలోనూ ఖర్చులోనూ కలపలేదు. వారి అభ్యంతరం: పట్టాభి మన ఊరివాడు, ఆయన ఓడిన లెక్కను మనమే సీసాల్లో పోసి చూపించడం దేనికని. దానికి జవాబు కింద సీసాల పద్దు తర్వాత ఉంది.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ప్రదర్శనకు పెట్టిన పేరే కొంచెం పెడదారి పట్టించేది. అధ్యక్షుడి ఓటింగ్ త్రిపురిలో జరగలేదు. 1939 జనవరి 29న ప్రతినిధులు ఎవరి రాష్ట్రంలో వారే ఓటేశారు. జబల్‌పూర్ దగ్గరి త్రిపురిలో మహాసభ మార్చిలో. పోటీకి ముందు మౌలానా ఆజాద్ తప్పుకుని పట్టాభికి దారిచ్చారు. పటేల్, రాజేంద్రప్రసాద్ వంటి పెద్దలు సుభాష్‌ను రెండోసారి నిలబడొద్దని ప్రకటన చేశారు. ఆయన వినలేదు, నిలబడ్డారు, గెలిచారు. సుభాష్‌కు 1,580, పట్టాభికి 1,377. తేడా 203.

ఈ 2,957 ఓట్లనూ ఒక్కో ఓటుకు ఒక్కో గోలీ చొప్పున, 21 కాంగ్రెస్ రాష్ట్రాలకు (ప్రభుత్వ రాష్ట్రాలు కావు, పార్టీ తన కమిటీల కోసం చేసుకున్న విభాగాలు) 42 సీసాల్లో పోసి పెట్టాం. నీలం సుభాష్‌కి, ఆకుపచ్చ పట్టాభికి. గోలీలకు అయినది రూ.3,520. ప్యాకెట్టు మీద వంద అని ఉంటుంది, రూ.110. మొదట నీలం 16, ఆకుపచ్చ 14 ప్యాకెట్లు తెచ్చాం. విప్పి లెక్కపెడితే నీలం 1,546, ఆకుపచ్చ 1,366 తేలాయి. ప్యాకెట్టుకు రెండు మూడు తక్కువ. అందుకే రంగుకొకటి చొప్పున మరో రెండు ప్యాకెట్లు. తూకం వేసి లెక్కగడదామనుకున్నాం గానీ గోలీ గోలీకీ సైజు తేడా ఉంటుంది, తూకం నమ్మడానికి లేదు. చివరికి కోడిగుడ్ల అట్టలే పనికొచ్చాయి. అట్టకు 30 గుంటలు. బెంగాల్ నీలం 404 అంటే 13 అట్టలు నిండి 14 గోలీలు. ఎవరైనా మళ్లీ చేస్తే ఇదే పద్ధతి. అట్టలకు డబ్బు పడలేదు.

సీసాల పద్దు రూ.4,860. ఇందులో రూ.1,080 దండగే. ముందు 36 అర లీటరు సీసాలు (ఒక్కోటి రూ.30), ఎక్కువ ఓట్లు పడ్డ ఆరింటికి రెండు లీటర్లవి (ఒక్కోటి రూ.90) కొన్నాం. మొదటి రోజే తప్పు బయటపడింది. తమిళనాడు నీలం 110 గోలీలు చిన్న సీసాలో ముప్పాతికకు పైగా నిండి కనిపిస్తే, ఆంధ్ర ఆకుపచ్చ 181 పెద్ద సీసా అడుగున కూర్చున్నాయి. చూసేవాళ్లు సీసాలో ఎత్తు చూస్తారు తప్ప అంకె చదవరు. తమిళనాడువే ఎక్కువనుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రే మరో 36 రెండు లీటర్ల సీసాలు రూ.3,240 పెట్టి తెచ్చి అన్నీ మార్చాం. విప్పిన చిన్న సీసాలు దుకాణంలో వెనక్కి తీసుకోలేదు.

వెనక్కి అడిగిన దాతకు, అదే మాట మనసులో పెట్టుకున్న మరికొందరికి: ఆంధ్ర సీసాలు చూడండి. పట్టాభికి 181, సుభాష్‌కి 28. సొంత రాష్ట్రం ఆయన్ని వదల్లేదు. ఓడించింది వేరేచోట. బెంగాల్ 404–79 (ఇక్కణ్ణుంచి ముందు అంకె సుభాష్‌ది) సరే, అది సుభాష్ సొంత గడ్డ. కానీ పంజాబ్ 182–86, ఉత్తరప్రదేశ్ 269–185, కర్ణాటక 106–41, కేరళ 80–18. పక్కనున్న తమిళనాడులో కూడా 110–102తో సుభాష్‌దే పైచేయి. పెద్దల మాట గట్టిగా నిలిచింది గుజరాత్‌లో 5–100, బిహార్‌లో 70–197, ఉత్కళలో 44–99. ఆంధ్ర గోలీలు ఆకుపచ్చకు ఇంత బలంగా తూగకపోతే 203 తేడా ఇంకా పెరిగేది. ఇది చెప్పడం ఆయన్ని చిన్నబుచ్చడం ఎలా అవుతుందో కమిటీకి అర్థం కాలేదు.

త్రిపురి ఉన్న మహాకోసల్ రాష్ట్రంలోనే 67–68, ఒక్క ఓటు తేడా. రెండో రోజు సాయంత్రం ఆ ఆకుపచ్చ సీసాలోంచి గోలీ ఒకటి పోయి 67–67 అయి కూర్చుంది. పిల్లల పనే. మిగిలిన గోలీల్లోంచి ఒకటి వేసి, 42 మూతలకూ టేపు చుట్టాం. టేపు రూ.60, స్టేషనరీలో ఉంది.

బోర్డుల ఖర్చే అన్నింటికన్నా పెద్దది, రూ.24,300. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు సన్‌బోర్డులు (అచ్చువేసే గట్టి అట్టలు) 24, చదరపు అడుగు రూ.75. ఫ్లెక్స్ ఇంతకన్నా చాలా చవక, నిజమే. కానీ హాల్లో ట్యూబులైటు పడితే ఫ్లెక్స్ మెరుస్తుంది, చుట్టి విప్పితే ముడతలు పోవు, చిన్న అంకెల పట్టిక దానిమీద చదవలేరు. 24 బోర్డులకు రూ.21,600 అయ్యేది. మూడు మళ్లీ వేయించాల్సొచ్చి మరో రూ.2,700. మూడు సార్లూ ప్రూఫ్ మీద సంతకం మనదే కాబట్టి ప్రెస్సువాళ్లను తగ్గించమనలేదు.

మొదటిది ఓట్ల పట్టిక. 1937లోనే బర్మా మన దేశం నుంచి వేరుపడింది కదా అని ప్రూఫ్ దిద్దినవారు బర్మా వరుస కొట్టేశారు. పరిపాలన వేరైనా బర్మా కాంగ్రెస్ కమిటీ ప్రతినిధులు ఓటేశారు, సుభాష్‌కి 8, పట్టాభికి 6. ఆ వరుస పోయేసరికి మొత్తాలు 1,572, 1,371 వచ్చి, పైన శీర్షికలోని అంకెలకు కుదరలేదు. రెండోది పంత్ తీర్మానం (దాని సంగతి కింద ఉంది) బోర్డు. యూనికోడ్ నుంచి ప్రెస్సు ఫాంటులోకి మార్చేటప్పుడు వత్తులు ఊడి, ‘ప్రతినిధులు’ కాస్తా ‘పతినిధులు’ అయ్యారు. శీర్షికలోనే. మూడోది కమిటీ పొరపాటే. సుభాష్ త్రిపురిలో రాజీనామా చేశారని రాశాం. ఆయన రాజీనామా ఏప్రిల్ 29న, కలకత్తాలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశంలో. ఆ స్థానంలోకి రాజేంద్రప్రసాద్ వచ్చారు. మే మొదట్లో సుభాష్ ఫార్వర్డ్ బ్లాక్ అనే పక్షం పెట్టారు.

సుభాష్ అభిమానుల వైపు నుంచి వచ్చిన ఫిర్యాదు గాంధీ ప్రకటన బోర్డు మీద. పట్టాభి ఓటమి ఆయనకన్నా తనదే ఎక్కువ అన్న జనవరి 31 ప్రకటన అది. అదే ప్రకటనలో, కాంగ్రెస్ రిజిస్టర్లలో దొంగ సభ్యుల పేర్లు చాలా ఉన్నాయని కూడా గాంధీ అన్నారు. ఆ మాట ఎందుకు పెట్టామంటే ప్రతినిధుల తగాదా అంతా పుట్టేది అక్కడే. పావలా చందా కట్టి చేరినవారు ప్రతినిధుల్ని ఎన్నుకుంటారు, ప్రతినిధులు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. కింద సభ్యత్వ పుస్తకం ఎవరి చేతిలో ఉంటే పైన ఓటు వాళ్లది. తీసేయమని అడిగినా తీయలేదు.

ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇంకొకటి. జనవరిలో గెలిపించినవాళ్లే మార్చిలో సుభాష్ చేతులు ఎలా కట్టేశారు? ఫిబ్రవరి 22న వర్కింగ్ కమిటీలో 12 మంది రాజీనామా చేశారు. త్రిపురిలో సుభాష్ జ్వరంతో స్ట్రెచర్ మీద ఉన్నారు. కొత్త వర్కింగ్ కమిటీని గాంధీ ఇష్టప్రకారమే వేయాలని గోవింద వల్లభ పంత్ పెట్టిన తీర్మానం నెగ్గింది. సోషలిస్టులు తటస్థంగా ఉండిపోయారు. జనవరి ఓటు సుభాషా, పట్టాభా అన్నదాని మీద. మార్చిది గాంధీ కావాలా వద్దా అన్నదాని మీద. గోలీలు అవే, సీసాల మీద చీటీలు మారాయి. దీనికి రెండో జత సీసాలు పెట్టలేదని కొందరన్నారు. మార్చి ఓట్లకు రాష్ట్రాలవారీ లెక్క మా చేతిలో లేదు, ఊహించి పోయలేం. త్రిపురిలో అధ్యక్షుడి ఊరేగింపులోని 52 ఏనుగులకు కటౌట్లు అడిగినవారికి: బోర్డు మీద చిన్న బొమ్మలతో సరిపెట్టాం.

మిగతా ఖర్చులు: హాలు మూడు రోజులకు రూ.18,000, శుభ్రం, కరెంటు రూ.2,500. మైకు, లైట్లు రెండు సాయంత్రాలకు రూ.7,000. పాత పత్రికల నకళ్లు, ఫోటోలు రూ.6,840. ఇద్దరు వక్తల రానుపోను ఛార్జీలు రూ.5,460, వారు పారితోషికం తీసుకోలేదు. కరపత్రాలు 2,000కి డీటీపీతో కలిపి రూ.4,800. కార్యకర్తల భోజనాలు, టీలు రూ.4,720. ట్రాలీ ఆటో రూ.3,200. రసీదు పుస్తకాలు, స్టేషనరీ రూ.860. హాలుకు కట్టిన డిపాజిట్టు రూ.5,000 పూర్తిగా వెనక్కొచ్చింది, లెక్కలో కలపలేదు.

బిల్లులు, కౌంటర్‌ఫాయిళ్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, దాతలెవరైనా చూడొచ్చు. బోర్డులు 24, పెద్ద సీసాలు 42, చిన్నవి 36, ఓట్ల గోలీలు కాక అదనంగా నీలం 64, ఆకుపచ్చ 85 భద్రంగా ఉన్నాయి. స్కూళ్లు, కాలేజీలు అడిగితే ఉచితంగా ఇస్తాం. రవాణా వారిదే. తీసుకెళ్లేటప్పుడూ తెచ్చేటప్పుడూ మహాకోసల్ సీసాలు రెండూ మా ఎదుటే లెక్కపెట్టాలి.