మా చెయ్యి కూడా లెక్కపెట్టండి

మా వైద్యుల సంఘం అధ్యక్షులు గారికి,

నమస్కారం. నేను నెల్లూరు నుంచి వచ్చి పదకొండేళ్లుగా చెన్నైలో నైట్ డ్యూటీలు చేస్తున్న ఎంబీబీఎస్ డాక్టర్ని.

పోయిన నెల జనరల్ బాడీ మీటింగ్‌లో గుమ్మం దగ్గరే పీజీ చేసిన స్పెషలిస్టులకు పచ్చ కార్డు, ఎంబీబీఎస్ మాత్రమే ఉన్న మాకు తెల్ల కార్డు ఇచ్చారు. మన బైలాస్ (సంఘం నియమాలు) ప్రకారం ఓటు పచ్చ కార్డువాళ్లకే. తీర్మానానికి చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. లెక్కపెడుతున్న కుర్రాడు నా కార్డు చూసి, "మీది కలపకూడదు మేడం" అని పక్క వరుసకు వెళ్లిపోయాడు. ఎత్తిన చెయ్యి దించడానికి నాకు కాసేపు పట్టింది.

చందా మాత్రం అందరికీ ఒకటే. అర్ధరాత్రి సెంట్రల్‌లో రైలు దిగి, తెలుగు తెలిసిన డాక్టరు కోసం వెతుక్కుంటూ వచ్చే మనవాళ్లకు ముందు కనిపించేది మేమే.

1912లో మద్రాస్ మెడికల్ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకున్న ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1927లో ఈ ఊళ్లోనే శాసనమండలిలో అడుగుపెట్టారు. ఆడవాళ్లకు ఇక్కడ ఓటు వచ్చి అప్పటికి ఆరేళ్లు. ఇన్నేళ్ల తర్వాత అదే ఊళ్లో ఒక డాక్టరుకు తన సంఘంలో ఓటు లేదంటే బాధగా ఉంది.

పైగా దేశంలో వైద్యవిద్యనీ డాక్టర్లనీ నియంత్రించే మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2020లో పోయి, దాని స్థానంలో నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చాక, ఢిల్లీకి మనం నేరుగా ఓటేసి పంపే సభ్యులు లేరు. ఇక సంఘంలోనూ మమ్మల్ని పక్కన పెడితే ఎక్కడ మాట్లాడాలి?

స్పెషలిస్టుల మీద నాకు కోపం లేదు. వాళ్ల దగ్గరే పని నేర్చుకున్నాను. వాళ్ల చదువుకు గౌరవం ఎప్పుడూ ఉంటుంది, ఓటు సంగతి వేరు.

బైలాస్‌లో ఆ నిబంధన తీసేసే తీర్మానాన్ని వచ్చే సమావేశం అజెండాలో పెట్టండి. ఆ రోజు మాకూ పచ్చ కార్డే ఇప్పించండి.

ఇట్లు,
ఒక తెల్ల కార్డు సభ్యురాలు,
చెన్నై