మాస్క్ పెట్టడానికి వచ్చిన ఆ అబ్బాయికి

మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ఎలా రాస్తున్నానో నాకే తెలియట్లేదు. అయినా ఇవాళ రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.

మా వాడికి డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే కండరాలు రానురాను బలహీనపడే జబ్బు, అని చాలామందికి తెలుసు. పదిహేడేళ్లు. నడక ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేతులూ పైకి లేవవు. మొన్న గుంటూరులో ఐసీయూ నుంచి బైపాప్ మిషన్‌తో (మాస్క్ ద్వారా గాలి పంపి ఊపిరికి సాయం చేసేది) ఇంటికి తెచ్చుకున్నాం. ఐసీయూలో మాస్క్ బిగిస్తే గింజుకుని ఏడ్చాడు. ఇంటికొచ్చాక దాన్ని చూస్తేనే మొహం తిప్పేసుకున్నాడు.

మిషన్ షాపు వాళ్లు ఒక అబ్బాయిని పంపారు. పాతికేళ్లుంటాయేమో. వచ్చీ రాగానే ముక్కూ నోరూ మూసే మాస్క్ పక్కన పెట్టేశాడు. ‘చేతులు లేవనివాళ్లకి ఇది వద్దక్కా, వాంతయితే తీసుకోలేరు. డాక్టర్ గారిని అడుగుతాను’ అని ఫోన్ చేసి, ముక్కుకి మాత్రమే పెట్టేది తీశాడు. తర్వాత మంచం పక్కన కింద కూర్చుని వాడినే అడిగాడు: ‘తమ్ముడూ, నేను వెళ్లిపోయాక నీకు మాస్క్ తీసెయ్యాలనిపిస్తే అమ్మని ఎట్లా పిలుస్తావ్?’

వాడు ఏడ్చేశాడు. అదీ వాడి భయం.

ఆ అబ్బాయి బండి వేసుకుని వెళ్లి, షాపులు కట్టేసే వేళకి బ్రాడీపేటలో ఎక్కడో వైరు లేని కాలింగ్ బెల్లు పట్టుకొచ్చాడు. స్విచ్ వాడి బొటనవేలి కింద టేపుతో అంటించాడు. నొక్కితే పిట్ట కూత. నొక్కినప్పుడల్లా హాల్లోంచి పరిగెత్తుకొచ్చి ‘ఏం సార్, పిలిచారా?’ అంటాడు. మావాడు ఊరికే నొక్కడం, అతను రావడం. మాస్క్ పెట్టుకునే నవ్వుతున్నాడు! నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. వాడు నిద్రపోయి, గాలి లీకవకుండా పట్టీలు సర్దేసరికి రెండు దాటింది. బెల్లు డబ్బులు తీసుకోలేదు. ‘టెన్షన్ పడమాకండక్కా’ అని కాఫీ తాగి వెళ్లాడు. బాబూ, నీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ఇంకోటి కూడా రాస్తాను, కోపమనుకున్నా సరే. పొద్దున్నే తలనొప్పి, పగలంతా తూగు, రాత్రి పదే పదే లేవడం అని ఎంత చెప్పినా, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరులో 96, 97 చూసి ‘బాగానే ఉన్నాడు’ అని ఒక హాస్పిటల్లో పంపేశారు. తర్వాత ఇంకోచోట ఉత్త ఆక్సిజన్ పెడితే ఇంకా మత్తుగా అయిపోయాడు. నిద్రలో ఊపిరి భారం ఎక్కువగా డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) మీదే పడుతుంది, ఈ జబ్బులో అదే బలహీనం. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక లోపలే పేరుకుంటుంది, ఆ మీటరు దాన్ని చూపించదు. ఏబీజీ టెస్టు (ధమని రక్తంలో వాయువులు కొలిచేది) చేస్తే కార్బన్ డయాక్సైడ్ 45 లోపు ఉండాల్సింది 68 ఉంది. ఇలాంటి పిల్లలున్నవాళ్లు ఆ టెస్టు అడిగి చేయించుకోండి.

ఇన్సూరెన్స్ వాళ్లేమో ఇంట్లో వాడే మిషన్‌కి పాలసీ వర్తించదన్నారు. ఐసీయూలో పడితే మాత్రం ఇస్తారట! 2016 వికలాంగుల చట్టంలో మస్క్యులర్ డిస్ట్రఫీ అని పేరుతో సహా ఉంది. అయినా సర్టిఫికెట్ కోసం వాడిని ఎత్తుకునే రమ్మంటారు, ఈమధ్య ఏమన్నా తగ్గిందా అని చూడ్డానికి.

మా ఆయన, అత్తగారు, మా తమ్ముడు ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పాలా.

అయ్యో, ఏబీజీ రాసిన పల్మనాలజిస్టు మేడం గారిని మర్చేపోయాను. నమస్కారం మేడం. రాత్రి డ్యూటీ సిస్టర్లకీ. కరెంటు పోతే మిషన్ ఆగకూడదని వాళ్ల ఇన్వర్టర్ నుంచి లైను లాగిచ్చిన పైవాటా వాళ్లకీ. అరండల్‌పేట నుంచి తీసుకొచ్చిన ఆటో ఆయన చిల్లర లేదంటే ‘తర్వాత ఇవ్వండమ్మా’ అని వెళ్లిపోయాడు. నంబరు తీసుకోలేదు. వెనక ఆంజనేయస్వామి బొమ్మ ఉన్న ఆటో. తెలిసినవాళ్లుంటే చెప్పండి, అరవై రూపాయలు ఇవ్వాలి.